కొన్న ఆట మనది కానప్పుడు

హైదరాబాదు కోకాపేటలోని నియోపోలిస్ లేఅవుట్‌లో 2021 జులైలో హెచ్‌ఎండీఏ వేలం వేసినప్పుడు ఎకరం గరిష్ఠంగా రూ.60.20 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అది రూ.100.75 కోట్లు అయింది. 2025 నవంబరు వేలంలో రూ.151.25 కోట్ల దాకా పోయింది. భూమి కాబట్టి పెరిగింది, అందులో వింతేమీ లేదు. వింతల్లా ఆ భూమి మీద లేచిన టవర్లలో, హాల్లో టీవీ పక్కన పెట్టుకున్న వీడియోగేమ్ కన్సోల్ ధర కూడా పెరగడమే. ఎలక్ట్రానిక్ సామాను పాతబడేకొద్దీ చవకవుతుందని మనందరికీ అనుభవం. టీవీ అలాగే చవకైంది, కంప్యూటర్ అలాగే చవకైంది. కన్సోల్ కూడా దశాబ్దాల పాటు అదే దారిలో నడిచింది. ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది.

సోనీ వారి ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021 ఫిబ్రవరి 2న విడుదలైంది. డిస్క్ డ్రైవ్ ఉన్నది రూ.49,990, లేనిది రూ.39,990. 2022 నవంబరులో రెండింటి మీదా ఐదేసి వేలు పెంచారు. పండగ ఆఫర్లలో నాలుగు రోజులు తగ్గుతుంది, మళ్లీ మామూలే. అమెరికాలో 499 డాలర్లకు మొదలైన అదే యంత్రం 2025 ఆగస్టులో 549 డాలర్లయింది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా 499 డాలర్లతోనే వచ్చింది. 2025లో ఒకే ఏడాది రెండుసార్లు పెంచితే 649కి చేరింది. అంటే ఐదేళ్లు పాతబడిన యంత్రానికి కొత్తదానికంటే ఎక్కువ ఇవ్వాలి. ప్లేస్టేషన్ 2 సంగతి చూడండి. 2000లో అమెరికాలో 299 డాలర్లకు వచ్చి, 2009 నాటికి 99కి దిగింది. అంత దిగింది కాబట్టే 15 కోట్లకు పైగా అమ్ముడై, ఇప్పటికీ ఏ కన్సోలూ దాటలేని రికార్డు పెట్టింది. మన దగ్గర మధ్యతరగతి ఇంట్లోకి, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లోని గేమింగ్ పార్లర్లలోకి అది రాగలిగింది కూడా ఆ తగ్గింపు వల్లే.

ఈ వ్యాపారానికి మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది. యంత్రం మీద లాభం చూసుకోరు, అవసరమైతే నష్టానికే అమ్ముతారు. ఆ తర్వాత అమ్ముడయ్యే ప్రతి ఆట మీదా వాటా తీసుకుంటారు. డిజిటల్ దుకాణాల్లో ఆ వాటా సాధారణంగా 30 శాతం. యంత్రం ఎంతమంది ఇళ్లకు చేరితే అంత లాభం, అందుకని ధర తగ్గించడం కంపెనీకే మంచిది. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య రాతకోతలు లేని ఒప్పందం అది: ఇవాళ కొనలేకపోతే రెండేళ్లు ఆగు, నీ అందుబాటులోకి వస్తుంది, ఒకసారి కొన్నాక ఆట నీది, ఆడి అమ్ముకో, తమ్ముడికివ్వు, పదేళ్ల తర్వాత బీరువాలోంచి తీసి మళ్లీ ఆడు. ఈ ఒప్పందంలో ప్రతి వాక్యాన్నీ కంపెనీలే ఒక్కొక్కటిగా కొట్టేశాయి. ఆటగాళ్ల అసహనాన్ని పాత రోజుల మీద బెంగ అని కొట్టిపారేసేవాళ్లు ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

ధర ఎందుకు తగ్గడం లేదు? ఒకప్పుడు చిప్ తయారీలో ప్రతి కొత్త తరమూ అదే పనిని తక్కువ ఖర్చుతో చేసిపెట్టేది. ఆ రోజులు దాదాపు అయిపోయాయి. అధునాతన ఫ్యాక్టరీల్లో చిప్ చిన్నదవుతోందే గాని చవకవడం లేదు. దానికి తోడు అమెరికా సుంకాలు. ఇవి రెండూ అందరూ చెప్పే కారణాలే. మూడోది మన ఊరికి బాగా దగ్గరిది, దాని గురించి ఇక్కడ మాట్లాడేవాళ్లు తక్కువ. అది మెమరీ. ప్లేస్టేషన్ 5లోనూ, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌లోనూ 16 జీబీ మెమరీ ఉంటుంది. ప్రపంచానికి కావలసిన డ్రామ్ మెమరీలో అత్యధిక భాగం మూడే కంపెనీల నుంచి వస్తుంది: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ సర్వర్లకు వాడే మెమరీ మీద లాభం చాలా ఎక్కువ కాబట్టి ఫ్యాక్టరీల శక్తి అంతా అటు మళ్లింది. 2025 చివరికి మామూలు మెమరీ ధరలు ఆకాశాన్నంటాయి. ఆ డిసెంబరులోనే మైక్రాన్, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి మెమరీ అమ్మే వ్యాపారం నుంచి పూర్తిగా తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

ఆ మైక్రాన్‌కు హైదరాబాదులో పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. సోనీ, మైక్రోసాఫ్ట్ రెండు కన్సోళ్లకూ ప్రాసెసర్ అందించే ఏఎండీకీ ఇక్కడ కేంద్రం ఉంది. మెమరీని మింగేస్తున్న డేటా సెంటర్లకు మన రెండు రాష్ట్రాలూ ఎర్ర తివాచీ పరుస్తున్నాయి. 2025 జనవరిలో దావోస్‌లో అమెజాన్ తెలంగాణతో రూ.60,000 కోట్ల ఒప్పందం చేసుకుంది. అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ ప్రకటించింది. ఉద్యోగాల కోసం, పన్నుల కోసం ప్రభుత్వాలు వాటిని పిలవడాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ సర్వర్ల కోసం జరిగే పోటీలో పిల్లవాడి కన్సోల్, విద్యార్థి ల్యాప్‌టాప్, చవక ఫోన్ అన్నీ వరసలో వెనక్కి పోతున్నాయని మనకు తెలిసుండాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పగలంతా ఈ పరిశ్రమకు పనిచేసి, రాత్రి కోకాపేటలో ఇంటికొచ్చి కాసేపు ఆడుకుందామనుకునే ఇంజినీరు కూడా ఆ వెనక వరసలోనే ఉన్నాడు.

ధర ఒక బాధ. కొన్నది మన చేతికి రాకపోవడం ఇంకో బాధ. మా అపార్టుమెంటులో ఒక పిల్లవాడికి పుట్టినరోజుకి వాళ్ల నాన్న డిస్క్ ఉన్న ఆట కొన్నాడు. సాయంత్రం కేక్ కోశాక స్నేహితులందరూ టీవీ ముందు చేరారు. డిస్క్ పెట్టారు. తెర మీద ఆటకు బదులు డౌన్‌లోడ్ గీత వచ్చింది, వంద జీబీకి పైగా. గీత పాకుతూనే ఉంది. పిల్లలు కాసేపు చూసి కిందికి సైకిళ్ల దగ్గరికి పోయారు. "ఇంకా ఎంతసేపు నాన్నా?" అని అడిగి అడిగి వాడు సోఫాలోనే నిద్రపోయాడు. "రేపు ఆడుకుందువుగాని లేరా" అని వాళ్ల నాన్న చేతిలో రిమోట్‌తో అలాగే కూర్చున్నాడు. అయిదువేల రూపాయల ఆట, ఇంట్లో ఇంటర్నెట్, ఊళ్లోకెల్లా ఖరీదైన చిరునామా, అన్నీ ఉండి కూడా ఆ రాత్రి ఆట మొదలు కాలేదు.

ఇది ఎక్కడో ఒకచోట జరిగే పొరపాటు అనుకోవడానికి లేదు. 2022లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2' ప్లేస్టేషన్ 5 డిస్క్‌లో ఉన్నది 70 ఎంబీ పాటి సమాచారమేనని బయటపడింది. వంద జీబీ దాకా పట్టే డిస్క్‌ను తాళంచెవిగా మార్చేశారు. నింటెండో స్విచ్ 2కి వచ్చే చాలా కార్ట్రిడ్జ్‌లలో ఆటే ఉండదు, దాన్ని దించుకునే అనుమతి మాత్రమే ఉంటుంది. ప్లేస్టేషన్ 5 ప్రోను 2024లో 700 డాలర్లకు తెచ్చారు, డిస్క్ డ్రైవ్ కావాలంటే విడిగా కొనుక్కోవాలి. ఆ ప్రో అప్పుడు మన దేశానికి రాలేదు, అందులో వాడిన 6 గిగాహెర్ట్జ్ వైఫైకి అప్పటికి ఇక్కడ అనుమతి లేకపోవడం వల్ల. నింటెండో స్విచ్ 2 అయితే వచ్చినప్పుడు భారతదేశంలో అధికారికంగా విడుదలే కాలేదు.

డిస్క్ పోతే పోయేది ప్లాస్టిక్ ముక్క ఒక్కటే కాదు. సికింద్రాబాద్ సీటీసీ మార్కెట్లో ఆడేసిన డిస్క్ ఇచ్చి, పైన కొంత కట్టి, ఇంకోటి తెచ్చుకునే పద్ధతి పోతుంది. ఒక డిస్క్ నలుగురు స్నేహితుల మధ్య తిరగడం పోతుంది. రూ.4,999 పెట్టి కొన్న ఆటను ఆడాక మూడువేలకు అమ్ముకోగలిగితేనే ఒక డిగ్రీ విద్యార్థికి ఈ సరదా గిట్టుబాటవుతుంది. అమ్ముకోవడం లేకపోతే వాడు పైరసీకన్నా పోతాడు, ఫోన్లో ఉచిత ఆటలకన్నా పోతాడు. ఇక్కడ నిజం ఒకటి ఒప్పుకోవాలి. ప్లేస్టేషన్ 2 రోజుల్లో హైదరాబాదులో పైరసీ విపరీతం. యంత్రానికి చిప్ వేయించి, నకిలీ డిస్కులు ఆడించడం మామూలు విషయంగా ఉండేది. ఆ అలవాటునుంచి ఒక తరం మెల్లమెల్లగా బయటపడి, అసలు డిస్కులు కొనడం మొదలుపెట్టింది. డబ్బు పెట్టి కొనే స్థితికి వచ్చినవాళ్లకు ఇవాళ కంపెనీలు ఇస్తున్న బహుమతి ఇది: మీరు కొన్నది సరుకు కాదు, లైసెన్సు, మేం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

తీసుకుంటున్నారు కూడా. 'ద క్రూ' అనే కార్ల ఆట సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడుకునే భాగం సహా ఆట మొత్తం పనికిరాకుండా పోయింది. దాని మీద రేగిన కోపంలోంచే యూరప్‌లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టి, పది లక్షలకు మించి సంతకాలు సేకరించింది. అమెరికాలో పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. సినిమా రీళ్లు కాపాడుకోలేక మనం మూకీలనూ తొలి టాకీలనూ ఎన్ని పోగొట్టుకున్నామో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ రీళ్లు నిర్లక్ష్యం వల్ల పోయాయి. ఈ ఆటలు మీట నొక్కి ఆపేయడం వల్ల పోతున్నాయి.

"అమ్మకాలు బాగానే ఉన్నాయిగా, పతనం ఎక్కడ?" అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్లేస్టేషన్ 5 అమ్మకాలు 8 కోట్లు దాటాయి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2, నాలుగు రోజుల్లోనే 35 లక్షలు అమ్ముడైంది. డబ్బు రావడం లేదని ఎవరూ అనడం లేదు. వచ్చే డబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూడాలి. ఉన్న ఆటగాడి దగ్గరే మరింత పిండడం తప్ప కొత్త ఆటగాడిని తేవడం జరగడం లేదు. ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ అల్టిమేట్ చందా మన దేశంలో నెలకు రూ.829 ఉండేది. 2025 అక్టోబరులో ఒక్కసారిగా రూ.1,389 చేశారు. అప్పటికే మైక్రోసాఫ్ట్ తన ఆటలను పోటీదారుకే ఇవ్వడం మొదలుపెట్టింది. ఎక్స్‌బాక్స్ అంటే హేలో, హేలో అంటే ఎక్స్‌బాక్స్ అనుకునే కాలంలో పెరిగినవాళ్లం. ఆ హేలో ప్లేస్టేషన్‌కు వస్తుందని 2025 అక్టోబరులో వాళ్లే ప్రకటించారు. ఆడేవాడికి ఇందులో నష్టం లేకపోవచ్చు. కానీ ఆ ఆట కోసమే ఆ యంత్రం కొన్నవాడికి ఏం జవాబు చెబుతారు?

తయారుచేసేవాళ్ల పరిస్థితి ఇంతకంటే దయనీయం. 'ద లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2'కి 22 కోట్ల డాలర్లు ఖర్చయిందని కోర్టు పత్రాల్లో బయటపడింది. 'స్పైడర్‌మ్యాన్ 2'కి దాదాపు 30 కోట్లు. ఇంత పెట్టుబడి ఒకే ఆట మీద పెట్టినవాడు కొత్త ఆలోచన జోలికి పోడు, పాతదాన్నే మళ్లీ తీస్తాడు. లేదంటే ఏళ్ల తరబడి డబ్బు కురిపించే ఆన్‌లైన్ ఆట కోసం జూదమాడతాడు. సోనీ 'కాంకర్డ్' అలాంటి జూదమే. 2024 ఆగస్టు 23న విడుదలైంది, సెప్టెంబరు 6న ఆపేశారు. ఏళ్లు కష్టపడి తీసినవాళ్ల స్టూడియోను అక్టోబరులో మూసేశారు. మైక్రోసాఫ్ట్ 2023లో 6,870 కోట్ల డాలర్లు పెట్టి యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొంది. నాలుగు నెలలు తిరగకుండా గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. 2024 మేలో, అందరూ మెచ్చుకున్న 'హైఫై రష్' చేసిన టాంగో గేమ్‌వర్క్స్‌నూ మూసేస్తున్నామంది. నష్టం తెచ్చినవాడి స్టూడియో మూతపడింది సరే, మెప్పు తెచ్చినవాడిది ఎందుకు మూశారు? ఈ ప్రశ్నకు సరైన సమాధానం ఇప్పటికీ రాలేదు. నిర్ణయాలు తీసుకున్నవాళ్లెవరూ ఉద్యోగాలు పోయినవాళ్ల జాబితాల్లో లేరు.

ఇది అమెరికాలో, జపాన్‌లో ఎవరికో వచ్చిన కష్టం అనుకుంటే పొరపాటు. ఆటల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాదు పెద్ద కేంద్రం. ఆ కంపెనీని 5,500 కోట్ల డాలర్లకు సౌదీ ప్రభుత్వ నిధి, మరో రెండు పెట్టుబడి సంస్థలు కొంటున్నట్టు 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అందులో 2,000 కోట్ల డాలర్లు అప్పు. ఆ అప్పు తీర్చవలసింది కొన్నవాళ్లు కాదు, కంపెనీయే. అప్పు భారం పడ్డ కంపెనీ మొదట చూసేది జీతాల బిల్లు వైపే. ఒక నిర్ణయం రియాద్‌లోనో న్యూయార్క్‌లోనో జరుగుతుంది, దాని ఫలితం ఈఎంఐ మీద ఫ్లాటు కొనుక్కున్న మన ఊరి టెస్టర్ ఇంట్లో తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ ఊరు కన్సోల్‌కు సొంత ఆటలు చేసింది. ఇవాళ్టి కుర్రాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. భారతదేశంలో పూర్తిగా తయారై ప్లేస్టేషన్‌కు వెళ్లిన మొదటి ఆట 'హనుమాన్: బాయ్ వారియర్'. 2009లో ప్లేస్టేషన్ 2కి వచ్చింది. చేసింది హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్, ప్రచురించింది సోనీ. అదే ఏడాది ఇక్కడి గేమ్‌శాస్త్ర సంస్థ గిల్లీదండా, కబడ్డీ, గాలిపటాలతో 'దేశీ అడ్డా' చేసింది. ఆ తర్వాత 'డాన్ 2' సినిమా ఆట కూడా వాళ్లదే. హనుమంతుడి ఆటకు విమర్శకులు పెదవి విరిచారు, దేవుణ్ణి కంట్రోలర్‌తో ఆడించడమేమిటని కొందరు అభ్యంతరం చెప్పారు. గొప్ప ఆటలని నేనూ అనను. కానీ అవి సాధ్యమైన కారణం ముఖ్యం. యంత్రం చవకైంది, లక్షల ఇళ్లలో ఉంది, దానిమీద ఆట చేయడానికి వందల కోట్లు అక్కర్లేదు. పడి లేచి నేర్చుకోవడానికి చోటుంది. మొదటి ఆట బాగాలేనివాడు నాలుగో ఆట బాగా చేస్తాడు. ఆ నాలుగో ఆట దాకా మనల్ని పోనివ్వకుండా మెట్లు తీసేశారు. మన ప్రతిభ పరాయి ఆటలకు బొమ్మలు గీయడానికి, తప్పులు వెతకడానికి, మొబైల్ ఆటలకూ సర్దుకుంది.

మెట్లు మళ్లీ కట్టుకోవచ్చని ఈమధ్యే రెండు ఆటలు చూపించాయి. 2025లో ప్రపంచంలో అత్యుత్తమ ఆటగా అవార్డు అందుకున్న 'క్లెర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33'ను ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియేలో ముప్పై మంది పాటి ప్రధాన బృందం చేసింది, పెద్ద కంపెనీల వందలమంది కాదు. 'వెంబా' ఇంకా చిన్నది. కెనడాకు వలసపోయిన తమిళ తల్లి వంటగది కథ అది. చేసింది టొరంటోలోని చిన్న స్టూడియో. 2024లో బాఫ్టా తొలి ఆట అవార్డు గెలిచింది. డాలస్‌లోనో ఫ్రీమాంట్‌లోనో గోంగూర దొరక్క వెతుక్కున్న తెలుగు అమ్మ కథ మనకు లేదా? చెప్పేవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇదే ఐటీ కారిడార్‌లో, వేరేవాళ్ల ఆటలకు పనిచేస్తున్నారు.

తెలంగాణ 2016లోనే యానిమేషన్, గేమింగ్ కోసం ఇమేజ్ విధానం ప్రకటించింది. 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన జరిగింది. అద్దాల భవనం మంచిదే. అంతకంటే ముందు కావలసింది పదిమంది బృందం రెండేళ్లు జీతాల భయం లేకుండా ఒక ఆట పూర్తి చేసుకోగలిగే నిధి, ఆట సొంతహక్కులు ఆ బృందం దగ్గరే ఉండాలన్న షరతుతో. ఏళ్లుగా హైదరాబాదులో జరుగుతూ వచ్చిన ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ 2025లో చెన్నైకి వెళ్లిపోయింది. అది హెచ్చరికగా తీసుకోవలసిన సంగతి.

కొనేవాళ్లకు కూడా చట్టం అండ ఉండాలి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి, డిజిటల్ సరుకును 'కొనండి' అని అమ్మేవాళ్లు అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలన్న చట్టం అమల్లో ఉంది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అంతకంటే బలమైన ఆయుధమే ఉంది. సహేతుకమైన కారణం లేకుండా ఒక పక్షం ఏకపక్షంగా రద్దు చేసుకోగల ఒప్పందాన్ని ఆ చట్టం అన్యాయ ఒప్పందంగా గుర్తిస్తుంది. ఫిర్యాదు రాష్ట్ర వినియోగదారుల కమిషన్ దాకా తీసుకుపోవచ్చు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. ఆటల గురించి పార్లమెంటు అంత శ్రద్ధ పెట్టగలిగినప్పుడు, సర్వర్ ఆపేసేముందు ఆటను సొంతంగా నడిచేలా చేసి ఇవ్వాలని, లేదా డబ్బు తిరిగివ్వాలని ఒక నియమం చేర్చడం కష్టమేమీ కాదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వెంటనే ఆ పని మొదలుపెట్టాలి. ఈలోపు కన్సోల్ కొనబోయేవాళ్లకు ఒక మాట: కాస్త ఎక్కువైనా డిస్క్ డ్రైవ్ ఉన్నదే కొనండి, ఆట కవరు వెనక 'డౌన్‌లోడ్ తప్పనిసరి' అని ఉంటే అక్కడే పెట్టేసి రండి. కొన్న ఆట చెప్పాపెట్టకుండా ఆపేస్తే ఊరుకోకండి, ఫిర్యాదు రాయండి.